పేరు చెక్కని గడియారం

అనగనగా అంటే ఊఁ అనాలి పిల్లలూ, మీరు ఊఁ అంటేనే కథ కదులుతుంది.

అనగనగా ఒక సంస్థానం. అందులో నాగలింగం అనే కంచరి. చెంబులూ బిందెలూ చేసేవాడు, వాటి మీద కొన్నవాళ్ల పేర్లు చుక్కలు చుక్కలుగా చెక్కేవాడు. పెళ్లి గంగాళం నుంచి పసిబిడ్డ ఉగ్గుగిన్నె దాకా, ఏది ఎవరిదో అతని అక్షరమే చెప్పేది.

ఒకనాడు దివాణంలో గంగాళాలకు పేర్లు చెక్కుతుంటే రాజుగారి చేయి కనబడింది. ఆ చేతికి సముద్రాల అవతలి నుంచి వచ్చిన బంగారు గడియారం! తెల్లని ముఖం, నీలపు ముళ్లు, నడుమ రాజుగారు కోరి వేయించుకున్న హంస. నాగలింగం ఉలి ఆగిపోయింది. ఆ పూట అన్నం సయించలేదు.

"అలాంటిది నేనూ చేస్తాను," అన్నాడు భార్య కామాక్షితో.

"చేద్దువుగాని. ముందు ఆ బిందె సొట్ట తియ్యి," అందామె.

చేశాడు. పాత గడియారాలు విప్పి చూసి, చక్రాలు ఆకురాయితో రాసి రాసి కూర్చాడు. మొదటిసారి బిగిస్తే కదల్లేదు. రెండోసారి తాడు తెంచుకున్న దూడలా పరిగెత్తింది. మూడోసారి పసిబిడ్డ గుండెలా కుదురుగా ఆడింది. చక్రాల కింద పలకకు రేకు చాలకపోతే, చనిపోయిన తల్లి చెంబు కోశాడు. దాని మీద తండ్రి చెక్కిన తల్లి పేరు. గీకెయ్యడానికి చేయి రాలేదు. అక్షరాలు లోపలే ఉండేలా బిగించేశాడు. చింతపండుతో తోమితే పైన ఇత్తడి బంగారమైంది. కళాయి పూస్తే ముఖం తెల్లనైంది.

ఆ ముఖం మీద అచ్చం రాజుగారి హంసనే చెక్కుతుంటే కామాక్షి చూసింది.

"ఊరందరికీ పేర్లు చెక్కుతావు. నీ గడియారం మీద నీ పేరు చెక్కుకోవేమయ్యా?"

"ఓసి పిచ్చిదానా, పేరు చెక్కితే చెంబులా ఉంటుందే!"

కట్టుకుని బజారుకెళ్లాడు. "ఏం నాగలింగం, దొరవారు ఇచ్చారా ఏమిటి?" అన్నాడు పూసల శెట్టి. నాగలింగం నవ్వి ఊరుకున్నాడు. "అచ్చం కోటలోదే!" అంది తమలపాకులమ్మే అవ్వ. నవ్వి ఊరుకున్నాడు. "ఎక్కడిదిరా ఇది?" అన్నాడు కోట కావలివాడు. దానికీ నవ్వే. అది రాజుగారిదే అని జనం అనుకుంటుంటే అతనికి కడుపు నిండిపోయేది.

ఆ వెంటనే రాజుగారి గడియారం వేటలో పోయింది. కావలివాడికి ఆ నవ్వు గుర్తొచ్చింది. నాగలింగాన్ని దొంగ అని సభకు పట్టుకొచ్చాడు.

దొంగకు చేయి తీయించడం ఆ సంస్థానం ఆచారం.

"నేను చేసుకున్నది మహారాజా!" అని మొత్తుకున్నాడు నాగలింగం.

"నువ్వు చేస్తే దీని మీద మా హంస ఎందుకుంది? నీ పేరేదీ?"

"అడిగితే చెప్పలేదు ప్రభూ, నవ్వాడు," అన్నాడు శెట్టి.

నాగలింగం తన చేయి చూసుకున్నాడు. గడియారం చూసుకున్నాడు. విప్పితే మళ్లీ అలా కుదురుతుందో లేదో అతనికే తెలియదు. విప్పాడు. లోపల చుట్టి ఉన్న కమాను తీగ చెంగున లేచింది. సన్నని చక్రాలు రాతినేల మీద చెల్లాచెదురయ్యాయి. అడుగు పలక మీద చుక్కలు చుక్కలుగా అక్షరాలు: తిరుపాలమ్మ.

"ఎవరీమె?"

"మా అమ్మ, దొరా. ఆమె నీళ్లు తాగిన చెంబే ఇది."

రాజుగారు పలక అందుకుని ఆ అక్షరాలు చూశారు. చూశారా పిల్లలూ, మనిషి పోయినా అక్షరం సాక్ష్యం చెప్పింది.

"దొంగవు కావు, పో," అన్నారు రాజుగారు. "హంస మాత్రం మాది." భటుడు కత్తి మొనతో హంసను గీకేశాడు. కళాయి లేచి ఇత్తడి బయటపడింది.

గుమ్మం దగ్గర శెట్టి, "ఊరందరికీ కొట్టిన పేరు నీకే కొట్టుకోలేకపోయావేమయ్యా!" అని పళ్లికిలించాడు.

తర్వాతెప్పుడో రాజుగారి గడియారం గుర్రపు జీను సంచిలోనే దొరికింది. ఆ మాట చెప్పడానికి నాగలింగం ఇంటికి ఎవరూ రాలేదు.

కామాక్షి ఉలి తెచ్చి ముందు పెట్టింది. గీతలు పడ్డ ఆ ముఖం మీద నాగలింగం తన పేరు చెక్కుకున్నాడు. పేరు పడింది. గడియారం మాత్రం మళ్లీ ఆడలేదు.

పరాయి ముఖం తగిలించుకున్నవాడు, తన చెమటకు కూడా తానే సాక్ష్యం వెతుక్కోవాలి.