తాయారు నాలుగో మాట

ఎందుకలా దొర్లుతున్నావు అమ్మలూ? పిన్ని అన్నం తినమంటే ఆకలి లేదన్నావుగా. సరే, ఇటు తిరుగు. కథ చెబుతా.

అనగనగా సముద్రాల అవతల ఇబాదాన్ అని ఒక ఊరు. ఆ ఊరివాళ్ళ మాట యొరుబా. అక్కడి బట్టల మిల్లులో పనికి నరసింగరావు అనే ఆయన వెళ్ళాడు. వెంట భార్య తాయారును తీసుకెళ్ళాడు.

అప్పుడు తాయారుకు మూడో నెల. వేవిళ్ళు. అన్నం ఉడుకుతున్న వాసనకే కడుపులో తిప్పేది. ఇలా తినకుండా ఉంటే బిడ్డకు మంచిది కాదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

పక్కవాటాలో ఇయా బోలా ఉండేది. ఇయా అంటే అమ్మ. బోలా వాళ్ళమ్మ అన్నమాట, మనం పిలుచుకున్నట్టే. ఆవిడ రోజూ పొద్దున్నే అలసందలు రుబ్బి, ఉల్లిపాయ, మిరపకాయ కలిపి, ఎర్రటి పామాయిల్‌లో అకారాలు వేసేది. అకారా అంటే మన అలసంద వడే, చిల్లు ఉండదంతే. ఆ వాసన కిటికీలోంచి వచ్చేసరికి, నెల రోజుల్లో మొదటిసారి తాయారుకు నోరూరింది.

నరసింగరావు తనకొచ్చిన మూడు మాటలు నేర్పాడు. ఓమి అంటే నీళ్ళు. ఎ షే అంటే చాలా సంతోషమండీ అని. మో తి యో అంటే నా కడుపు నిండింది. భోజనాల దగ్గర ఈ మూడూ చాలన్నాడు.

మొదటిరోజు ఇయా బోలా పళ్ళెం ముందు కూర్చుని, తాయారును చూసి "ఎ వా జెఉన్" అంది. రండి, తినండి అని. తాయారుకు ప్రాణం లేచొచ్చింది. కానీ పిలవగానే వెళ్ళి కూర్చుంటే ఏం బాగుంటుంది? మో తి యో అంది. ఇంకోసారి బతిమాలుతుందని గుమ్మం పట్టుకుని నిలబడింది. ఇయా బోలా తలూపి పళ్ళెం ఖాళీ చేసింది. అక్కడ వద్దంటే వద్దనే.

రెండోరోజూ అంతే. ఈసారి తాయారు అదే మాట కాస్త నీరసంగా, నసుగుతూ అంది. పాపం, ఎక్కువ తిని ఆయాసపడుతోందనుకుంది ఇయా బోలా.

అప్పుడు తాయారు మొగుణ్ణి నాలుగో మాట అడిగింది. ఆయన మిల్లులో కనుక్కుని వచ్చాడు. మాట చిన్నదే. కానీ పరాయివాళ్ళ ముందే కాదు, పుట్టింట్లో కూడా అలాంటి మాట అని ఎరగదు.

మూడోరోజు పిలుపు వచ్చేసరికి అకారాలు రెండే మిగిలాయి. ఇయా బోలా ఒకటి చేతిలోకి తీసుకుంది. తాయారు కళ్ళు గట్టిగా మూసుకుంది.

"ఎబిన్ పా మి."

ఆకలి చంపేస్తోంది అని. ఇయా బోలా చెయ్యి అక్కడే ఆగింది. ఆ రెండూ తాయారు చేతిలో పెట్టి, బల్ల మీద కూర్చోబెట్టి, మళ్ళీ పొయ్యి వెలిగించింది. తాయారు ఏడు తింది. ఒక్కటీ బయటికి రాలేదు.

సాయంత్రం ఇయా బోలా నరసింగరావును ఆపి అడిగిందట, "రెండు రోజులుగా నిండిన ఆ కడుపు ఎవరిదయ్యా?" అని.

ఆ తర్వాత తాయారు ఆవిడను పప్పన్నానికి పిలిచింది. ఆవిడ మో తి యో అంటే ఇంకో గరిటె వడ్డించింది. మళ్ళీ అంటే మళ్ళీ వడ్డించింది. మూడోసారి ఆవిడ లేచి పళ్ళెం వీపు వెనక దాచుకుంది.

ఆ తర్వాత బిడ్డ బొద్దుగా పుట్టింది. ఇప్పుడు పక్కగదిలో గురక పెడుతోంది, మీ అమ్మ.

ఏమిటీ? గొణక్కు. గట్టిగా చెప్పు.

"ఎబిన్ పా మి, అమ్మమ్మా."

నయం, నాలాగా మూడు రోజులు ఆగలేదు. లే మరి.

కథేమో కంచికి,
కంచమేమో పీటకి,
నువ్వూ నేనూ వంటింటికి.