మూడో గేరు సంగతి

అనగా అనగా, మరీ అంత వెనకటి రోజుల్లో కాదు, సముద్రం ఒడ్డున ఒక రేవు పట్నం. ఆ పట్నంలో శేషగిరి అనే ఐసు ఫ్యాక్టరీ యజమాని ఉండేవాడు. అతనికి ఒక ఎర్ర కారు ఉండేది.

కారంటే మామూలు కారు కాదు. జపాను దేశంలో పుట్టి, ఓడెక్కి వచ్చిన పందెపు కారు. దాని ఇంజనుకు టర్బో ఉంది. టర్బో అంటే, పిల్లలూ, కొలిమికి తిత్తి ఊదినట్టు ఇంజనుకు గాలి ఊదే చక్రం. శేషగిరి ఆ చక్రాన్ని తీసి అంతకంటే పెద్దది బిగించాడు. పొగగొట్టం మార్చాడు. స్ప్రింగులు మార్చాడు. ఆదివారం వస్తే చాలు, ఆ కారు కిందే పడుకునేవాడు. అది బయల్దేరితే రేవులో కొంగలన్నీ ఒక్కసారిగా లేచిపోయేవి.

అలా ఉండగా అతని భార్య హైమవతికి కవలలు పుట్టారు. ఇద్దరూ ఆడపిల్లలే, ఇద్దరివీ పెద్ద గొంతులే. ఇల్లంతా పండగ. తీరా చూస్తే కారులో ఉన్నవి రెండే సీట్లు.

"ఏమండీ, పిల్లల్ని డిక్కీలో వేసుకుని తిప్పుతారా?" అని హైమవతి నవ్వింది.

శేషగిరీ నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. మర్నాడే కారు అమ్ముతానని నలుగురికీ తెలియజేశాడు.

అయితే ఆ కారుకు ఒక లోపం ఉంది. మూడో గేరు అరిగిపోయింది. బండి చల్లగా ఉన్నప్పుడు ఆ గేరు వేస్తే కరకరమంటుంది. వేడెక్కాక చప్పుడే ఉండదు. కానీ వేగం మీద మలుపు తిరిగేటప్పుడు ఆ గేరు ఎప్పుడైనా జారిపోవచ్చు. ఈ సంగతి శేషగిరికి తప్ప ఎవరికీ తెలియదు.

మొదట నగల వర్తకుడి కొడుకు మణికంఠ వచ్చాడు. కారు చుట్టూ తిరిగి, అద్దంలో జుట్టు సరిచేసుకున్నాడు.

"ఇది తోలితే ఊరంతా తిరిగి చూస్తుందా?"

"చూస్తుంది బాబూ. కానీ మూడో గేరు అరిగింది, బాగుచేయించుకోవాలి."

"లోపమున్న బండెక్కితే మా పరువేం కాను?" అని మణికంఠ వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

తరువాత చక్రపాణి అనే దళారి వచ్చాడు. అతను సంగతంతా విని, దగ్గరగా జరిగాడు.

"శేషగిరి గారూ, బేరగాడు వచ్చే ముందు బండిని ఊరి చుట్టూ ఒకసారి తిప్పండి. వేడెక్కితే గేరు కిమ్మనదు. మీరూ కిమ్మనకండి. మీరు కోరిన ధర నేనిప్పిస్తాను."

శేషగిరి మనసు ఊగింది. నలుగురూ పట్టే బండి కొనాలి కదా! సాయంత్రం ఆ మాట హైమవతితో అన్నాడు. ఆమె పిల్లను భుజాన వేసుకుని జోకొడుతోంది.

"కొన్నవాళ్ళు దాన్ని ఎలా తోలతారండీ?"

"వేగంగా తోలడానికేగా కొనేది."

"వాళ్ళ కోసం కూడా ఇంట్లో ఎవరో గుమ్మం వైపు చూస్తూ ఉంటారు కదా."

శేషగిరి అప్పటికప్పుడే చక్రపాణికి ఇక రావద్దని కబురు చేశాడు.

మూడోసారి ఒక తండ్రీ కూతురూ వచ్చారు. తండ్రి బసవపున్నయ్య మిరప రైతు. కూతురు ఝాన్సీ కారు పందేల్లో పోటీ చేసే అమ్మాయి. శేషగిరి అప్పుడే ఫ్యాక్టరీ నుంచి కారులో వచ్చాడు. బండి వేడిగా ఉంది. ఝాన్సీ సముద్రం వెంట తోలి చూసింది. మూడో గేరు వెన్నలా పడింది.

"నాన్నా, ఇదే! నాకు ఇదే కావాలి!"

బసవపున్నయ్య సంచీ తెరిచి బయానా తీయబోయాడు.

"ఆగండి," అన్నాడు శేషగిరి. "ఈ రాత్రికి ఊళ్ళో ఉండి, పొద్దున్నే రండి. ఇప్పుడు వినిపించనిది అప్పుడు వినిపిస్తుంది."

పొద్దున బండి చల్లగా ఉంది. గేరు కరకరమంది. శేషగిరి ఏదీ దాచకుండా మొత్తం చెప్పాడు. బసవపున్నయ్య ముఖం వాడిపోయింది. సంచీ చంకన పెట్టుకుని గేటు దాకా వెళ్ళాడు. ఝాన్సీ మాత్రం కదల్లేదు.

"నాన్నా, పోయినేడు కొన్న కారు గుర్తుందా? అమ్మినాయన ఏ లోపమూ లేదన్నాడు. మొదటి పందెంలోనే బ్రేకు పడక నా భుజం విరిగింది. తర్వాత ఎన్ని కార్లు చూశాం! లోపం ఇదీ అని చూపించింది ఈయనొక్కరే."

బసవపున్నయ్య గేటు దగ్గర్నుంచి వెనక్కి వచ్చాడు.

"నిజమేనమ్మా. గేరు అరిగితే మార్చుకుంటాం. మనిషి మాటే అరిగితే ఎక్కడ మారుస్తాం? శేషగిరి గారూ, బేరం ఖాయం."

గేరు బాగుకయ్యే ఖర్చును శేషగిరి తనంతట తనే ధరలో తగ్గించాడు. ఎర్ర కారు వీధి మలుపు తిరిగిపోతుంటే గుండె బరువెక్కింది. అంతలో లోపల ఇద్దరు పిల్లలూ ఒకేసారి ఏడుపు అందుకున్నారు. బరువు సంగతి మరిచి లోపలికి పరుగెత్తాడు.

చక్రపాణి మరో తళతళలాడే కారును మణికంఠకు అంటగట్టాడు. అది బజారు మధ్యలో ఆగిపోతే చేపల లారీకి తాడు కట్టి లాక్కెళ్ళారు. ఊరంతా తిరిగి చూసింది! ఆ తర్వాత చక్రపాణి బేరమంటే జనం పక్క సందులోకి తప్పుకునేవారు.

ఝాన్సీ కొత్త గేర్లు వేయించుకుంది. ఆ ఏడు పెద్ద పందెంలో గాలిలా దూసుకెళ్ళి మొదటి స్థానం గెలిచింది. శేషగిరి కుటుంబాన్ని ముందే పిలిపించి, ముందు వరసలో కూర్చోబెట్టింది. పిల్లల చెవుల్లో దూది, చేతుల్లో జెండాలు. అంతమంది ముందు ఝాన్సీ శేషగిరి చెయ్యి పట్టుకుని పైకెత్తింది.

"నేను క్షేమంగా గెలిచానంటే, ఈయన ముందే నిజం చెప్పడం వల్లే!"

మైదానమంతా చప్పట్లతో మోగింది. హైమవతి అందరికంటే గట్టిగా కొట్టింది.

లోపాన్ని దాచకుండా చెప్పి అమ్మినవాడు కొన్నవారి ప్రాణాన్నీ, తన మంచి పేరునూ రెంటినీ కాపాడతాడు.