ఖాళీ లేని చేతులు

దస్తగిరికి ఏమీ పాలుపోవడం లేదు.

తుంటి ఎముక విరిగి, ఆపరేషన్ చేయించుకుని, ఖాన్ఖాకు తిరిగొచ్చాడు. పెన్నా ఒడ్డున ఉన్న ఆ చిన్న సూఫీ ఆశ్రమంలో అందరికంటే పాత శిష్యుడు అతనే. నమాజుకు ముందు గురువు యూసుఫ్ షా బాబా వజూ చేసుకునేటప్పుడు, కాళ్లూ చేతులూ కడుక్కోవడానికి ఇత్తడి కొమ్ముచెంబుతో నీళ్లు పోసేది అతనే. మీసాలు రాని వయసులో పట్టిన ఆ చెంబును, జుట్టు నెరిసినా ఇంకొకరికి ఇవ్వలేదు.

ఇప్పుడు రెండు చేతులూ వాకర్‌కే సరిపోతున్నాయి. ముందు వాకర్, తర్వాత ఆపరేషన్ కాలు, ఆ తర్వాత మంచి కాలు అని ఆస్పత్రిలో నేర్పి పంపారు. ఏది ముందో ఏది తర్వాతో తలచుకునే లోపే చెమటలు పడుతున్నాయి. నేల మీద కూర్చోవద్దన్నారు. గురువుతో సహా అందరూ చాపల మీద ఉంటే, అతనొక్కడే పైన కుర్చీలో. చెంబేమో తన తర్వాతి శిష్యుడు హుస్సేన్ పీరా చేతికి పోయింది.

"నేనిక్కడ ఎవర్ని పీరా? శిష్యుణ్ణా, చుట్టాన్నా?"

"కాలు నయం కానీలే అన్నా" అన్నాడు పీరా.

అది జవాబులా అనిపించలేదు. మర్నాడు పొద్దున్నే వాకర్‌ను మంచం దగ్గరే వదిలేసి, చెంబు నింపుకుని, గోడ పట్టుకుని వాకిట్లో ఉన్న బాబా దగ్గరికి బయల్దేరాడు. గోడ ఉన్నంత దూరం బాగానే ఉంది. వాకిట్లో కాలు తూలింది. పీరా వెనకనుంచి నడుం పట్టుకోబట్టి సరిపోయింది. చెంబు మాత్రం నీళ్లన్నీ ఒలకబోసుకుంటూ దొర్లిపోయి బాబా కాళ్ల దగ్గర ఆగింది.

బాబా ఒక్క తిట్టు తిట్టినా బాగుండు అనుకున్నాడు దస్తగిరి.

బాబా చెంబు తీసుకెళ్లి తొట్టిలో ముంచుకొచ్చారు. పీరా కుర్చీ తెచ్చి దస్తగిరిని కూర్చోబెట్టాడు. బాబా మోకాళ్లు పట్టుకుని, మెల్లగా అతని ఎదుట నేల మీద కూర్చున్నారు.

"చేతులు చాపు."

దస్తగిరి చేతులు వెనక్కి లాక్కున్నాడు. "ఇదేంది బాబా! నేను మీకు పోయాల గానీ, మీరు నాకా?"

"చాపు నాయనా. నమాజుకు పొద్దుపోతోంది."

చాపాడు. నీళ్లు మణికట్ల మీద చల్లగా పడ్డాయి. చివరికి పాదాల వంతు వచ్చింది. ఆపరేషన్ అయిన కుడికాలిని బాబా అరచేతిలోకి తీసుకుని వేళ్ల సందులు కడుగుతుంటే, చూపు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అతను ఆకాశం వంక చూశాడు.

"నా వల్ల కాదు బాబా. చానా కష్టంగా ఉంది."

"నొప్పా?"

"నొప్పి కాదు. ఇట్లా చేయించుకోవడం."

బాబా తలెత్తారు.

"ఇన్నేళ్లూ నేను చేయించుకున్నానే. నాకు తేలికనుకున్నావా?"

దస్తగిరి ఎడమకాలు కూడా ముందుకు చాపాడు.