పసుపన్న సగం గూడు

పిల్లలూ, మీరు పెరుగుతున్న ఊళ్లో గిజిగాళ్లు లేవు. అందుకే ఈ కథ మీ చెవిన పడలేదు. దగ్గరకు రండి, చెబుతాను.

అనగనగా ఒక అడవిలో, వాగు పక్కన ఈతచెట్టు మీద, పసుపన్న అనే గిజిగాడు గూడు అల్లుతున్నాడు. గిజిగాళ్లలో ఒక పద్ధతి ఉంది. మగపిట్ట సగం గూడు అల్లుతుంది. ఆడపిట్ట వచ్చి ముక్కుతో లాగి చూస్తుంది. నచ్చితేనే పెళ్లి.

గోధుమ్మ అనే పిట్ట వచ్చి లాగి చూసింది. "గట్టిగానే ఉంది. వానలలోపు పూర్తి చెయ్యి, వస్తాను" అంది.

పసుపన్న సంబరంగా గడ్డికి బయలుదేరాడు. దారిలో ఒక మోడు తొర్రలో మాయరాయి మెరిసింది. తొంగి చూస్తే, లోపల రంగురంగుల పిట్టలు కులుకుతూ ఆడుతున్నాయి! అవి గూడు అడగవు. వంకలు పెట్టవు. చూసేకొద్దీ కొత్తవి వస్తూనే ఉంటాయి.

"ఒక్కసారి చూసి పోతా" అనుకున్నాడు. పొద్దు వాలిపోయింది.

మర్నాడు గోధుమ్మ అడిగింది, "గడ్డేది?"

"దొరకలేదు."

రెండో రోజు, "గడ్డేది?"

"గాలికి ఎగిరిపోయింది."

మూడో రోజు అతను ఆమె ముఖమైనా చూడలేదు. ఆమె రంగు వెలిసిపోయినట్టు అనిపించింది అతనికి. "నాలో ఏం తక్కువ?" అని గోధుమ్మ మెల్లగా అడిగింది. అతను అప్పటికే మోడు వైపు ఎగిరిపోయాడు.

విచిత్రం చూడండి, ఇప్పుడు ఆ రాయిని చూసినా పసుపన్నకు సంతోషం లేదు. అయినా రెక్కలు అటే లాక్కుపోయేవి. తిరిగొచ్చేటప్పుడు సిగ్గు. ఆ సిగ్గు మరవడానికి మళ్లీ అక్కడికే!

తొలకరి పడింది. సగం గూడు ఊడి వాగులో పడింది. గోధుమ్మ ఎగిరిపోయింది.

"ఏం బావా, గడ్డి తేవడానికి వెళ్లావా, మొలిచేదాకా కూర్చున్నావా?" అని ఆ చెట్టు కిందే ఉండే ఉడుత వెక్కిరించింది. పసుపన్న ఏడ్చేశాడు. ఉన్నదంతా చెప్పేశాడు. ఉడుత నవ్వు ఆపేసింది.

"ఒక్కడివే మానలేవులే. పద."

ఇద్దరూ తడిమట్టి తెచ్చి తొర్ర మూసేశారు. "మళ్లీ మనసు లాగితే నన్ను పిలు" అంది ఉడుత.

లాగింది. ఒకసారి ఆ మట్టి గీకాడు కూడా. అంతలో ఆగి, "బావా!" అని అరిచాడు. ఆ రోజు పదకొండుసార్లు పిలిచాడు. నెల గడిచాక రోజుకు ఒక్కసారే.

మళ్లీ మొదటి పోగు నుంచి గూడు అల్లాడు. ముక్కు ముడి వేయడమే మరిచిపోయింది, పాపం.

ఒకరోజు గోధుమ్మ అటుగా వచ్చింది. "గడ్డి దొరికిందా?"

"గడ్డి ఎప్పుడూ ఉంది. నేనే అబద్ధమాడాను" అని రాయి సంగతి చెప్పాడు. "నీలో ఏ తక్కువా లేదు."

గోధుమ్మ గూటి చుట్టూ ఒకసారి ఎగిరి చూసింది. తర్వాత గూడు లాగింది. ఇంకోసారి లాగింది. మూడోసారి కసిగా లాగింది. గూడు ఊగింది గానీ ఊడలేదు.

"ముడులన్నీ వంకర" అంటూ లోపలికెళ్లి కూర్చుంది.

నీతి: మాయబొమ్మల మోజు ఎదుటివారిని కనబడనివ్వదు. దాస్తే పెరుగుతుంది, నమ్మినవారికి చెప్పుకుంటే తగ్గుతుంది.

మీరు పెద్దయ్యాక కూడా ఇది గుర్తుంచుకోండి నాన్నా. మీ వెనక పుట్టినవాళ్లకు మీరే చెప్పండి.