గొంతు పట్టుకోని దెయ్యం

అనగనగా ఒక ఊళ్ళో, నోరు విప్పి ఎవరికీ చెప్పని మాట ఒకటి పొట్టలో దాచుకుని తిరిగే కోడలు ఒకతి ఉండేది. పేరు నాంచారి. ఆ మాటేమిటో మీకు మాత్రం చెబుతున్నాను. ఆడపడుచు వజ్రం కొడుకు, పళ్ళైనా రాని ఎనిమిది నెలల గుండుగాడి గొంతుకి అడ్డం పడింది దెయ్యం కాదు. వేయించిన పల్లీగింజ. పెట్టింది నాంచారే.

ఊ కొడుతున్నారా? నోట్లో ఉన్నది నమిలి, మింగి, అప్పుడు కొట్టండి. తొందరేం లేదు, దెయ్యం ఆగుతుంది.

వజ్రం పుట్టింటికొచ్చింది. తలంటు పోసుకోవడానికి వెళ్తూ, వదినా వాడి నోట్లో ఏమీ పెట్టకు అని మరీ మరీ చెప్పి వెళ్ళింది. నాంచారి పల్లీలు తింటోంది, వాడు ఆవిడ నోటికేసి చూస్తున్నాడు. పాపం ఒక్క గింజే కదా అనుకుంది. అంతే. వాడు ఏడవడు, దగ్గడు, కళ్ళు ఇంతేసి చేసుకుని నీలంగా అయిపోతున్నాడు. నాంచారి వాళ్ళమ్మ మంత్రసాని, ఆవిడ చేసేది చూసి ఉంది కాబట్టి సరిపోయింది గానీ! వేలు పెట్టి కెలకలేదు, కెలికితే ఇంకా లోపలికి పోతుంది. వాణ్ణి ముంజేతి మీద బోర్లా వేసుకుని, దవడ పట్టుకుని, తల కిందికి ఉంచి, వీపు మీద రెండు రెక్కల మధ్య అరచేతి మొదలుతో చరిచింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నాలుగో దెబ్బకి గింజ టప్పున బయటపడింది, వాడు కెవ్వుమన్నాడు. వజ్రం నెత్తిన కుంకుడు నురగతో పరిగెత్తుకొచ్చింది. నాంచారి ఆ గింజని గబుక్కున తన నోట్లో వేసుకుని మింగేసి, దెయ్యం వాడి గొంతు పట్టుకుంటే వదిలించానంది.

వజ్రం పక్కింటికి చెప్పింది, పక్కిల్లు పాలవాడికి చెప్పింది, పాలవాడు గేదెకి చెప్పాడు, గేదె ఎవరికీ చెప్పలేదు గానీ పాలవాడి పెళ్ళాం కోటకి చెప్పింది. రాజుగారు నాంచారికి శాలువా కప్పి, ఉయ్యాలకొక సిపాయి కాపలా అన్నాడు. ఉయ్యాల పక్కన నిలబడి నిలబడి సిపాయిలకి విసుగు పుట్టింది. వేయించిన శనగలు తెచ్చుకుని తినడం, కింద పోయడం, పాకే పిల్లలు ఏరుకోవడం, ఉక్కిరిబిక్కిరి అవడం. చూశారా దెయ్యం అని రాజుగారు సిపాయిల్ని రెట్టింపు చేశాడు. రెట్టింపు సిపాయిలు, రెట్టింపు శనగలు.

ఇలా ఉండగా, వజ్రం పిల్లాడితో అత్తారింటికి వెళ్ళిపోయాక, ఒక మధ్యాహ్నం నాంచారి ఇంటి అటక మీంచి అసలు దెయ్యమే దిగింది. చిక్కి సగమైంది. వేపమండలతో కొడుతున్నారట, చీపుర్లు విసురుతున్నారట. నాలుగు తరాలుగా ఆవకాయ జాడీల పక్కన గుట్టుగా బతుకుతున్నదాన్ని, ఏ పిల్లాడి జోలికీ పోనిదాన్ని, నామీద పెడతావా అని ముక్కు చీదింది. చీది, అసలు సంగతి చెప్పింది.

"నన్ను తోలడానికి మీ వజ్రం వాడి మెళ్ళో పూసల దండ కట్టింది. దారం చీకిపోయింది. పొద్దున్న రెండు పూసలు ఊడి చాప కింద పడడం కిటికీలోంచి చూశాను. వాడిప్పుడు పాకుతున్నాడే."

నువ్వే వెళ్ళి చెప్పకూడదా అంది నాంచారి.

"నేను ఆ గడప ఎక్కితే ఇంకో దండ కడతారు."

వజ్రం ఊరికి బండి కడితే ఒక పగలు, ఉత్తరం రాస్తే మూడు రోజులు. పూస గొంతుకి అడ్డం పడడానికి గుటకంత సేపు చాలు. అందుకని ఫోను చెయ్యాలి. ఏంట్రా, రాజుల కాలంలో ఫోనెక్కడిదా? నా కథలో ఉంది, పప్పుడబ్బాల పక్కన, గోడకి. దెయ్యాన్ని నమ్మినవాడివి ఫోనుని నమ్మలేవా?

ఫోను దాకా వెళ్ళింది, వెనక్కొచ్చింది. పూసల సంగతొక్కటే చెబితే? దెయ్యం భయం ఉన్నంతకాలం వజ్రం దండ తియ్యదు. పల్లీ సంగతి చెప్పాల్సిందే. చెబితే శాలువా పోతుంది, ఆడపడుచు మళ్ళీ గడప తొక్కదేమో. ఏం తోచక బియ్యం కొలిచే బుల్లి గిద్ద చేతిలోకి తీసుకుంది. పల్లీ వేసింది, పట్టింది. శనగ పట్టింది. పూస పట్టింది, రూపాయి పట్టింది. ఇందులో పట్టేవేవీ చంటిపిల్లలకి అందేచోట ఉండకూడదు కదా అనుకుంది. శాలువా ఎంత కుక్కినా పట్టలేదు. మరి తన గొంతుకి అడ్డం పడింది అదేనాయె.

అదేంటే, ఏడుస్తున్నావా? గుండుగాడికేమీ కాలేదు తల్లీ, పెద్దయ్యాక పల్లీల కొట్టే పెట్టాడు. కానీ ఆ సంగతి ఆ పూట నాంచారికి తెలియదు కదా.

శాలువా తీసి దెయ్యానికి కప్పింది. అది మురిసిపోయి, చెంగు సర్దుకుని, ఫోను కింద పీట వేసింది. వజ్రానికేం చెప్పాలో నాంచారి ఒకసారి నోట్లోనే అనుకుంది. దండ తియ్యి, చాప ఎత్తి దులుపు, వాడికేం పెట్టినా మెత్తగా పిసికి, కూర్చోబెట్టి, పక్కనే ఉండి పెట్టు. ఆ రోజు దెయ్యం లేదు, నేనే.

"తిడితే తిట్టనీ, దండ తీశాక తిట్టమంటాను" అని పీట ఎక్కింది.

కథ కంచి దారి పట్టింది. మీరు ఆ పల్లీల గిన్నె అటక మీద పెట్టి, చాప దులిపి పడుకోండి. పొద్దున్నే చెల్లి పాకుతుంది.