ఊపి చూడని గూడు

ముత్యాలు ఇంతవరకు ఎవరి ముందూ పైకి అనని మాట ఒకటుంది. తన కింద పనిచేసేవాళ్ళంటే ఆమెకు భయం. వాళ్ళు మూతి ముడుచుకుంటారేమోనని భయం. పక్క తాటిమట్ట మీద చేరి తన గురించి గుసగుసలాడుకుంటారేమోనని భయం. ఆ భయానికి ఆమె మంచితనం అని పేరు పెట్టుకుంది. అదే కొంప ముంచింది.

ముత్యాలు గిజిగాళ్ళ ఆడపడుచు. కాలవగట్టు మీది తాటిచెట్లకు గూళ్ళు అల్లి ఇచ్చే కంపెనీకి పెద్ద. మగపిట్టలు గడ్డిపోచలు చీల్చి తెచ్చి అల్లుతారు. గుడ్లు పెట్టబోయే తల్లులు వచ్చి, నచ్చిన గూట్లో దిగుతారు. వానలు ముదిరేలోగా పని తెమలాలి. తెమిలితే సరిపోదు, గూడు నిలబడాలి. కింద కాలవ ఉంది మరి.

అందుకే ఆ కంపెనీలో తాతల నాటి నుంచీ ఒక పద్ధతి ఉంది. గూడు సగం అల్లాక, లోపల బంకమట్టి మెత్తకముందు, పెద్ద వచ్చి దాని అంచు పట్టుకుని తలకిందులుగా వేలాడాలి. ఒంట్లో సత్తువంతా పెట్టి ఊపాలి. ముడి జారిందా, గూడు విప్పేసి మళ్ళీ మొదటికి రావాలి. జారలేదా, అప్పుడు మట్టి.

ముత్యాలుకు ముందు పెద్దరికం సింహాద్రిది. ఆయన గూడు ఊపి ఊరుకుంటే బాగానే ఉండేది. నోరు ఊరుకునేది కాదు.

"ఇది గూడా, దిష్టిబొమ్మ తలపాగానా? ఎవడ్రా అల్లింది? గవర్రాజా! నీ గూట్లో దోమ కూడా కాపరం పెట్టదురా!"

అని అందరూ చూస్తుండగానే గూడు పీకి కాలవలో పారేసేవాడు. ఆ పూట గవర్రాజు గింజ ముట్టేవాడు కాదు. అలా ఒక్కొక్కరి కడుపూ మండి, చివరికి అందరూ ఏకమై ఆయన్ని దించేశారు. సింహాద్రి రెక్కలు దులుపుకుని ఎటో వెళ్ళిపోయాడు. ఆయన చోట కూర్చున్న రోజున ముత్యాలు అంది:

"నా హయాంలో ఎవరూ తల దించుకోనక్కర్లేదు."

పిట్టలు రెక్కలు టపటపలాడించారు. ఆ చప్పుడు ముత్యాలుకు ఎంత తీపిగా తోచిందంటే, మళ్ళీ మళ్ళీ వినాలనిపించింది.

సరిగ్గా అప్పుడు వేంచేశారు శుభయ్య గారు.

శుభయ్య జెముడుకాకి. ఇటుకరంగు రెక్కలు, ఎర్రటి కళ్ళు, బిందెలోంచి వచ్చినట్టు లోతైన గొంతు. పొద్దున్నే జెముడుకాకి కనబడితే మంచి జరుగుతుందని మనుషులు మురిసిపోతారు కదా. ఆ పేరు చెప్పుకుని ఆయన చుట్టుపక్కల కంపెనీలకు సలహాలిస్తూ తిరుగుతుంటాడు. ఒళ్ళు బరువు, ఎగరడం తక్కువ. నేల మీద తాపీగా నడుస్తూ వస్తాడు. ఏం తిని బతుకుతాడో అడగాలని ఆ గట్టు మీద ఎవరికీ తోచలేదు.

"అమ్మా ముత్యాలూ, ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకు. గూడు ఊపి చూడటమంటే ఏమిటి? అల్లినవాడి ముఖం మీదే నిన్ను నమ్మనురా అనడం కాదూ?"

ముత్యాలు కాస్త దగ్గరికి జరిగింది. "నిజమేనండీ. కానీ ముడి జారితే?"

"ఎందుకు జారుతుంది? మనం నమ్మకం పెట్టినవాడి ముక్కులో ముడి జారదమ్మా. ఊపడం మానెయ్యి. ముందే మట్టి మెత్తించెయ్యి. గూడు నిండుగా కనబడుతుంది, తల్లులు చూడగానే దిగిపోతారు. తొందరగా తెమిల్చినవాడి తలలో ఒక తుమ్మపువ్వు పెట్టు. ఆ వారానికి వాడే మేటి. ఇక చూడు, నిన్ను నెత్తిన పెట్టుకుంటారు."

"మీకు మేమేం ఇచ్చుకోవాలండీ?"

"నాకెందుకమ్మా? మీ గూళ్ళు నిండితే నా కడుపు నిండినట్టే."

ఎంత మంచివాడు అనుకుంది ముత్యాలు.

ఊపడం ఆగిపోయింది. గట్టంతా ఒకటే హుషారు. పోచను మట్టకు చుట్టి, సందులోంచి దూర్చి, వెనక్కి లాగి బిగిస్తే గాని ముడి అనిపించుకోదు. గవర్రాజు చుట్టాడు, వదిలేశాడు. పైన ఇంత మట్టి కొట్టాడు. వారం తిరక్కుండా తుమ్మపువ్వు వాడి తలెక్కింది.

"ఏరా, ఇంత జోరెప్పుడు నేర్చావు?" అన్నాడు పక్కవాడు.

"నేర్చుకునేదేముందిరా! తిట్టేవాడు పోతే ముక్కు దానంతటదే ఆడుతుంది" అన్నాడు గవర్రాజు.

ఒక్క అప్పన్నకే ఎందుకో కుదురు లేదు. మంచి పనివాడు, మాట తక్కువ. ఒకనాడు ముత్యాలు దగ్గరికి వచ్చి, కాళ్ళు మార్చి మార్చి నిలబడ్డాడు.

"అమ్మా, నా గూడు ఒక్కసారి ఊపి చూస్తారా?"

"అదేంటి అప్పన్నా! నీ మీద నాకు నమ్మకం ఉంది."

"నమ్మకం ఉంటే మంచిదేనమ్మా. గడ్డి ఈసారి లేతగా ఉంది. పైముడి దగ్గర నాకే అనుమానంగా ఉంది."

ముత్యాలు చుట్టూ చూసింది. మట్టల మీద అందరూ పని ఆపి ఇటే చూస్తున్నారు. అప్పన్న గూడు ఊపితే మిగతావాళ్ళవీ ఊపాలి. మిగతావాళ్ళవి ఊపితే సింహాద్రి మళ్ళీ వచ్చాడంటారు.

"అబ్బే, బంగారంలా ఉంది. వెళ్ళు, మట్టి మెత్తెయ్యి" అంది నవ్వుతూ.

అప్పన్న వెళ్ళాడు. ఆ వెళ్ళడంలో ఒక దిగులుంది. చూసి కూడా ముత్యాలు చూడనట్టే ఊరుకుంది.

ఆ తర్వాత ఆమె తోడబుట్టిన నీలవేణి వచ్చింది. తొలి కాన్పు. గవర్రాజు గూడు చుట్టూ తిరిగింది, లోపలికి దూరి చూసింది, బయటికొచ్చి అడిగింది.

"గూడు నున్నగా ఉందక్కా. ఊపి చూశావా?"

గవర్రాజు పక్కనే ఉన్నాడు, తలలో పువ్వుతో. వాడి కళ్ళు ముత్యాలు ముక్కు మీదే ఉన్నాయి. లేదు అంటే వాడి ముఖం చిన్నబోతుంది.

"చూశానే" అంది ముత్యాలు.

"ఇంకేం! నువ్వు చూశాక నాకు బెంగేమిటి?" అని నీలవేణి ఆ గూట్లో దిగిపోయింది. తల్లులందరూ అలాగే దిగారు. గుడ్లు పెట్టారు.

ఒక మధ్యాహ్నం ఈదురుగాలి లేచింది. పెద్ద గాలేమీ కాదు, ఏటా వచ్చేదే. తాటిమట్టలు గలగలమన్నాయి. మట్టి బరువుకి ఏ ముడికా ముడి జారింది. గూళ్ళు రాలాయి. కొన్ని కాలవలో పడి కొట్టుకుపోయాయి, కొన్ని గట్టున పడి దొర్లాయి. తల్లులు గాల్లో గిరగిరా తిరుగుతూ ఏడుస్తున్నారు. అప్పన్న గూడు కూడా పడింది, పైముడి దగ్గరే.

పొదలోంచి శుభయ్య గారు నడుచుకుంటూ వచ్చారు. తొందరేమీ లేదు. నీలవేణి గూడు కాలితో తొక్కి, చీల్చి, తల లోపలికి పెట్టారు.

"శుభయ్య గారూ! ఏమిటిది?"

ఆయన తల బయటికి తీశాడు. ముక్కుకి పచ్చసొన. "ఫీజమ్మా. నీళ్ళ మీద ఊగుతుంటే ఎన్నాళ్ళని చూడను? నా బరువుకి అంతెత్తున అందుతాయా?"

"నమ్మించి గొంతు కోశారు!"

"నేనా?" శుభయ్య గొంతు ఎప్పట్లాగే మెత్తగా ఉంది. "ఊపవద్దని చెప్పానమ్మా, ఒప్పుకుంటాను. ఊపానని చెప్పమన్నానా? ఆ రోజు పొదలో ఉండి విన్నాను. ఆ మాట నీదే."

ఆయన ఇంకో గూటి దగ్గరికి నడిచాడు.

సాయంత్రానికి గాలి తగ్గింది, వాన పట్టుకుంది. గవర్రాజు తలలో పువ్వు ఎప్పుడో ఎగిరిపోయింది. ముడి ఎందుకు బిగించలేదని ముత్యాలు వాణ్ణి అడిగింది.

"నన్నంటారేంటండీ? మీరు ఏమీ అనలేదు కాబట్టి బాగుందనే అనుకున్నాను. సింహాద్రి తాతైతే అప్పుడే పీకి పారేసేవాడు" అన్నాడు ఉడుక్కుంటూ. అప్పన్న మాత్రం రాలిన తన గూటి పైముడినే చూస్తూ నిలబడ్డాడు. అదే ఎక్కువ కోసింది.

నీలవేణి తడిసిన రెక్కలతో వచ్చి అక్క పక్కన వాలింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

"గాలి పాడుగాలి అక్కా. నువ్వు ఊపి చూసిన గూడే పడిపోయిందంటే ఇంకెవరేం చెయ్యగలరు? నువ్వు కుమిలిపోకు. నేను కాలవ అవతలి గట్టుకి పోతున్నాను. అక్కడ మళ్ళీ గూడు వెతుక్కుంటాను."

చెప్పెయ్యాలి అనుకుంది ముత్యాలు. ముక్కు తెరిచింది. మూసింది. నీలవేణి వెళ్ళిపోయింది.

తర్వాత రోజుల్లో నీలవేణి ఫోన్ చేస్తూనే ఉంది. ఆ గట్టు మీది పిట్టలకు ఫోన్లు ఉన్నాయి, లేకపోతే ఈ గట్టు కబుర్లు ఆ గట్టుకి ఎలా చేరతాయి? చెల్లెలి పేరు వెలిగినప్పుడల్లా ముత్యాలు రెక్క కప్పేసేది. మోగి మోగి ఆగేది.

ఇక్కడ గూళ్ళు లేవు, తల్లులు లేరు. అల్లేవాళ్ళు తలో దిక్కూ వెళ్ళిపోయారు. అప్పన్న కూడా బయల్దేరుతూ, చెప్పి వెళ్దామని వచ్చాడు.

"నీలవేణమ్మ కనిపించిందమ్మా. అవతలి గట్టు మీద ఒక గూడు చూసుకుంది. లోపల మట్టి మెత్తుతున్నారు."

"ఊపి చూశారా?"

"అక్కడా మానేశారమ్మా. శుభయ్య గారు ఇప్పుడు వాళ్ళకి సలహాదారు. ఊపితే మంచిదని ఒక ముసలిపిట్ట అన్నాడట. నీలవేణమ్మే అడ్డం వచ్చింది. మా అక్క ఊపి చూసిన గూడే పడింది, ఊపడం ఒట్టి దండగ అని. తల్లులందరూ ఆ మాటే నమ్మారు."

అప్పన్న వెళ్ళిపోయాడు. వాన పడుతూనే ఉంది. కాలవ అవతలి నుంచి బిందెలోంచి వచ్చినట్టు ఒక గొంతు, ఊప్, ఊప్, ఊప్ అని, తాపీగా వినబడుతోంది.

పనివాడి ముఖం చిన్నబోతుందని పని చూడటం మానుకున్న పెద్దకు, చివరికి ఎవరి ముఖమూ చూసే మొహం మిగలదు.

ముత్యాలు ఒట్టి మట్ట మీద కూర్చుని లెక్క వేసుకుంది. చెబితే చెల్లెలు మళ్ళీ తన ముఖం చూడదు. చెప్పకపోతే ఆ గూట్లో గుడ్లు పెడుతుంది. నమ్ముతుందో లేదో కూడా తెలియదు. ఒకసారి అబద్ధం చెప్పిన నోరు ఇది.

రెక్క తీసింది. కింద ఫోన్ తడవకుండా వెచ్చగా ఉంది. ఇంకేమీ అనకుండా, ఎలా ఉన్నావని కూడా అడక్కుండా, ముందు ఆ ఒక్క మాటే చెప్పెయ్యాలి అనుకుని, నీలవేణి పేరు మీద ముక్కు ఆనించింది.