డాల్ఫిన్ తెచ్చిన సంబంధం

గ్రీకుల సముద్రానికి పడమటి కొసన అట్లాస్ అనే మహాకాయుడు ఆకాశాన్ని భుజాల మీద మోస్తూ నిలబడి ఉంటాడు. ఆయన పాదాల దగ్గర ఒక గుహ. గుహ వాకిట్లో ఒక ముసలి తాబేలు కాపురం. సముద్రకన్య ఆంఫిట్రైటి పారిపోయి వచ్చి ఆ గుహలోనే దాక్కుంది. అక్కచెల్లెళ్లతో ఇసుకలో ఆడుకుంటుంటే సముద్రాల రాజు పొసైడన్ చూశాడు, పెళ్లాడతానన్నాడు. ఆమె వద్దంది. రాజుకు ఆ మాట అర్థం కాలేదు. అంతకు ముందు ఎవరి నోటా దాన్ని విని ఉండలేదు.

ఒక ఉదయం గుహ దగ్గరికి డాల్ఫిన్ ఈదుకుంటూ వచ్చింది. దానిది పుట్టుకతోనే నవ్వుముఖం. అందుకే సముద్రంలో సంబంధాలు కుదిర్చే పని దానికి అబ్బింది.

“పిన్నీ, బాగున్నావా?” అని తాబేలును పలకరించింది. “లోపల పిల్ల ఉంది కదూ. ఒకసారి పిలువు.”

“ఏ పని మీద?”

“శుభకార్యం. వరుడు సామాన్యుడు కాదు. నువ్వు ఈదే నీళ్లన్నీ ఆయనవే.”

“కోపిష్టి అంటారు.”

“ఎప్పుడైనా త్రిశూలంతో నేలను ఒక పోటు పొడుస్తాడు. నాలుగు ఊళ్లు కూలతాయి. పెళ్లయితే అదే తగ్గుతుంది.”

“తగ్గకపోతే?”

“పిల్ల సర్దుకుంటుంది.”

“పిల్ల ఏమంది మరి?”

“ఏమంటుంది, పారిపోయింది. సిగ్గు.”

“సముద్రం ఆ చివర నుంచి ఈ చివర దాకా సిగ్గుపడిందా?”

“మంచి కుటుంబం పిల్ల కదా పిన్నీ.”

తాబేలు తల లోపలికి లాక్కుని ఆలోచించింది. ఆ పిల్ల ఊపిరి బిగబట్టి వింటోందని దానికి తెలుసు. డాల్ఫిన్‌ని అడ్డుకునే బలం తనకు లేదు. వెళ్లగొడితే రేపు రాజును వెంటబెట్టుకుని వస్తుంది. తల మళ్లీ బయటపెట్టింది.

“పిల్ల ఇక్కడుందని రాజుగారికి చెప్పావా?”

“చెబితే ఆయనే రథం కట్టించుకుని రాడూ? నాకేం మిగులుతుంది? ఈ చోటు నాకు తప్ప ఎవరికీ తెలియదు. పిల్ల చేత సరేననిపిస్తే నన్ను ఆకాశంలో నక్షత్రాలుగా నిలబెడతానన్నాడు.”

“ఎప్పుడు?”

“పెళ్లయ్యాక.”

తాబేలు నిట్టూర్చింది. “అట్లాగే కానీ. రథం గుర్రాలకు చేపతోకలు తగిలించేటప్పుడు కూడా, సముద్రంలో ఇష్టమొచ్చినట్టు తిరగండి అన్నాడు. ఇప్పటికీ అవి రథానికే కట్టి ఉన్నాయి.”

డాల్ఫిన్ ముఖం మీద నవ్వు అలాగే ఉంది గానీ తోక ఆడటం ఆగింది.

“అంటే ఇవ్వడంటావా?”

“నేనెందుకంటాను నాయనా. పెళ్లి కుదిరేదాకానే నీతో పని. తర్వాత పందిట్లో నీకు పీట వేసేదెవరు? అయినా ఒంటి నిండా నాచు పులుముకుని వచ్చి రాజు గొప్పవాడంటే పిల్ల నమ్ముతుందా? ఒళ్లంతా నక్షత్రాలు మెరుస్తుంటే నువ్వు నోరు విప్పక్కర్లేదు.”

“నిజమే. నన్ను చూస్తేనే ఆయన గొప్ప తెలిసిపోతుంది.”

“నేను చెప్పానని మాత్రం అనకు. ఆడదాని మాట విన్నావంటే నీకే చిన్నతనం.”

“ఛ, నాకే తట్టిందంటాను,” అని డాల్ఫిన్ వెనుదిరిగింది.

రాజు కొలువులో అది వినయంగా తల వంచింది. “పిల్ల దొరికింది ప్రభూ. నాకిస్తానన్నది ముందే ఇప్పిస్తే, ఆ వెలుగుతో వెళ్లి ఒప్పించుకొస్తాను.”

పొసైడన్‌కు బేరాలాడే ఓపిక లేదు. పెళ్లి పందిరి అప్పటికే వేయించేశాడు. డాల్ఫిన్‌ని త్రిశూలంతో ఎత్తి ఆకాశంలోకి విసిరాడు. అది చుక్కలు చుక్కలుగా అక్కడ అతుక్కుపోయింది.

“సరే, ఇప్పుడు చెప్పు. పిల్ల ఎక్కడ?”

పైన డాల్ఫిన్ నోరు ఆడించింది. మాట కిందికి రాలేదు. దిగుదామని తోక కొట్టింది. ఈదడానికి అక్కడ నీళ్లు లేవు. రాజు అరిచాడు, బతిమాలాడు, మళ్లీ అరిచాడు. ఒకసారి నక్షత్రాలుగా నిలబెట్టాక కిందికి దింపడం దేవుళ్లకు కూడా చేతకాదు.

చీకటి పడుతుండగా ఆంఫిట్రైటి గుహలోంచి బయటికి వచ్చి తల ఎత్తింది.

“అవ్వా, ఆ కొత్త చుక్కలేమిటి?”

“నీకొచ్చిన సంబంధం.”

ఆ పిల్ల కాసేపు చూసి, జుట్టు ముడి వేసుకుని ఈతకు వెళ్లింది.

నీతి: ఇతరులను ఒప్పించడమే వృత్తిగా బతికేవాళ్లను ఒప్పించడం కష్టం కాదు; తమకేం కావాలో ముందు వాళ్లే చెప్పేస్తారు.